ముందు ఎర్తింగ్, ఆఖరున గ్రాఫిక్స్ కార్డు



ఇంట్లో సొంతంగా కూర్చుకున్న గేమింగ్ కంప్యూటర్ ఎన్నేళ్లు పనిచెయ్యాలి? ఉత్తరాంధ్రలోని కొత్తవలసలాంటి ఊళ్లో ఒక మామూలు కుటుంబం 70, 80 వేలు పోగుచేసి కొడుక్కో కూతురికో కంప్యూటర్ కొనిచ్చిందంటే, అది చదువు పూర్తయ్యేదాకా ఉంటే చాలదు. ఉద్యోగం వచ్చాక కూడా ఇంట్లో నడుస్తూ ఉండాలి. తమ్ముడికో చెల్లెలికో పనికిరావాలి. నా లెక్కలో అది ఎనిమిది నుంచి పదేళ్లు. ఇది అత్యాశేమీ కాదు. మధ్యలో ఒకసారి గ్రాఫిక్స్ కార్డు మార్చి, ఒక ఫ్యానో రెండు ఫ్యాన్లో మార్చి అన్నేళ్లు నడుపుకోవచ్చు. కానీ చాలామంది డబ్బు ఖర్చుపెట్టే వరస దీనికి అడ్డం వస్తోంది. ముందు పెద్ద గ్రాఫిక్స్ కార్డు, తర్వాత ప్రాసెసర్, ఆ తర్వాత రంగుల లైట్లున్న డబ్బా. భాగాలన్నిటికీ కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ దగ్గరికి వచ్చేసరికి జేబులో ఏమీ మిగలదు. ఇంటి ఎర్తింగ్ సంగతి ఎవరికీ గుర్తే రాదు. ఈ వరస తిరగబడాలి. మన ప్రాంతంలో కంప్యూటర్ ఎన్నాళ్లుంటుందన్నది తెరమీద కనిపించే భాగాలకంటే కరెంటును, వేడిని, చెమ్మను తట్టుకునే భాగాల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. అందుచేత డబ్బు కూడా ముందు వాటికే కేటాయించాలి. ఈ మాట ఎందుకంటున్నానో కారణాలతో చెబుతాను.

కంప్యూటర్ రెండు రకాలుగా ముసలిదవుతుంది. ఒకటి, ఆటలు దాన్ని దాటిపోవడం. రెండోది, అది చెడిపోవడం. మొదటిది మనం భయపడినంత తొందరగా జరగదు. 2016 జూలైలో వచ్చిన ఎన్‌విడియా జీటీఎక్స్ 1060 చూడండి. మధ్యతరగతి ధరకు దొరికిన కార్డు. ఆటలు అమ్మే స్టీమ్ వేదిక నెలనెలా ప్రకటించే సర్వేలో ప్రపంచంలో ఎక్కువమంది వాడుతున్న కార్డుగా అది చాలా ఏళ్లు నిలిచింది. 2022 చివర్లో గానీ మొదటి స్థానం వదల్లేదు. దానికి గడ్డుకాలం ఎప్పుడొచ్చింది? 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆటలాంటివి వెలుగునీడలను లెక్కగట్టే రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేనిదే మొదలే కామన్నాయి. 2025 అక్టోబరుతో ఆ తరం కార్డులకు కొత్త ఆటల డ్రైవర్లు ఆగిపోయాయి. భద్రతకు సంబంధించిన సవరణలు మాత్రం 2028 అక్టోబరు దాకా వస్తాయి. అంటే ఒక మామూలు కార్డు ఎనిమిది, తొమ్మిదేళ్లు లాక్కొచ్చింది. ఆటలు దాటిపోవడం ఇలా మెల్లగా జరుగుతుంది. ముందే తెలుస్తుంది కూడా. అప్పుడు కార్డొక్కటి తీసి ఇంకొకటి పెట్టుకుంటే సరిపోతుంది. చెడిపోవడం అలా కాదు. చెప్పిరాదు, వచ్చినప్పుడు ఒక్క భాగంతో పోదు. ఎస్‌ఎంపీఎస్ కాలిందంటే మదర్‌బోర్డును, ఒక్కోసారి కార్డును కూడా వెంటబెట్టుకుపోవచ్చు.

ఈ రెండో ప్రమాదం మన ఉత్తరాంధ్రలో తక్కువేమీ కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటింది. స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేకపోవడం అప్పటి ఉత్తరాంధ్ర మూడు జిల్లాలూ చూశాయి. అంత పెద్ద తుఫానులు ఎప్పుడో గాని రావు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు వచ్చే గాలివానలు, పిడుగులు మాత్రం ఏటా ఉన్నవే. పిడుగు మన ఇంటిమీదే పడాలని లేదు. దూరంగా లైను మీద పడినా, దగ్గర్లో పడినా ఆ తాకిడి తీగవెంట ఇంట్లోకి వస్తుంది. పిడుగు లేకుండానే హాని చేసేది ఇంకొకటుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే లైన్లో న్యూట్రల్ తీగ తెగినా, వదులైనా, ఒక ఫేజు మీద నడిచే ఇళ్లలో 230 ఓల్టులు ఉండాల్సిన చోట 400కు దగ్గరగా రావచ్చు. 230 ఓల్టుల ఏసీ కరెంటు ఎస్‌ఎంపీఎస్ లోపలికి వెళ్లి సుమారు 325 ఓల్టుల డీసీగా మారుతుంది. దాన్ని పట్టి ఉంచే పెద్ద కెపాసిటర్ 400 నుంచి 450 ఓల్టుల దాకా మాత్రమే తట్టుకునేలా తయారవుతుంది. బయట 400 వస్తే లోపల 565 అవుతుంది. అది పేలకుండా ఉండాలని దేవుణ్ని మొక్కుకోవడం తప్ప ఆ క్షణంలో చెయ్యగలిగింది లేదు. చెయ్యాల్సిందంతా ముందే చేసి ఉండాలి.

అందుకే కంప్యూటర్ కొనడం ఇంటి గోడ దగ్గర మొదలుపెట్టమంటాను. మూడు పిన్నుల ప్లగ్గు గోడకున్నంత మాత్రాన మూడో పిన్ను వెనక ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో, అద్దె ఇళ్లలో ఆ రంధ్రం వెనక తీగే ఉండదు. ఉన్నా అది వెళ్లిన గుంత ఎండిపోయి ఉంటుంది. కంప్యూటర్ డబ్బా రేకు ముట్టుకుంటే చిన్నగా జిల్లుమంటోందని చాలామంది అంటుంటారు. దానికి కారణం అంతుచిక్కనిదేమీ కాదు. ఎస్‌ఎంపీఎస్ ముందుభాగంలో కరెంటులోని చెత్తను ఎర్తుకు పంపడానికి రెండు చిన్న కెపాసిటర్లు పెడతారు. ఎర్తు లేకపోతే ఆ పంపకం రేకు దగ్గరే ఆగుతుంది. రేకు మీద సరఫరా ఓల్టేజిలో దాదాపు సగం నిలుస్తుంది. కరెంటు చాలా కొద్దిది కాబట్టి మనిషికి జిల్లుమనడంతో సరిపోతుంది. కానీ అది ఎర్తింగ్ లేదని కంప్యూటర్ స్వయంగా చెబుతున్న మాట. సర్జ్ ప్రొటెక్టర్ అని కొనే పెట్టె కూడా తాకిడిలో కొంత భాగాన్ని ఎర్తులోకే తోయాలి. తోయడానికి ఎర్తే లేకపోతే దాని పని సగం చచ్చిపోయినట్టే. కాబట్టి మంచి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఫేజుకు ఎర్తుకు మధ్య, న్యూట్రల్‌కు ఎర్తుకు మధ్య ఓల్టేజి కొలిపించండి. బొగ్గు, ఉప్పు వేసిన గుంతయితే ఎండాకాలంలో నీళ్లు పోస్తూ ఉండండి. ఓల్టేజి హద్దు దాటగానే లైను కోసేసే కటాఫ్ పరికరం మెయిన్ దగ్గర పెట్టించుకుంటే న్యూట్రల్ తెగిన రోజున కంప్యూటర్‌తోపాటు ఫ్రిజ్జు, టీవీ కూడా మిగులుతాయి. ఇదంతా కంప్యూటర్ ఖర్చులో కలుపుకోవాల్సిన ఖర్చే. బడ్జెట్ వేసేటప్పుడు దీన్ని మొదటి పద్దుగా రాసుకోవాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. "మా ఇంట్లో స్టెబిలైజర్ ఉంది కదా, ఇదంతా ఎందుకు?" అని. స్టెబిలైజర్ పాత ఫ్రిజ్జుకు, ఏసీకి అవసరం కావచ్చు. ఇప్పటి మంచి ఎస్‌ఎంపీఎస్ 100 నుంచి 240 ఓల్టుల దాకా ఏది వచ్చినా తనే సర్దుకుంటుంది. వెనక 115, 230 అని మార్చే ఎర్రమీట ఉన్నదైతే అది పాతకాలపు డిజైను, దాన్ని కొనకండి. మనకు కావలసింది ఓల్టేజి సర్దడం కాదు, సరఫరా తెగినప్పుడు క్షణకాలం ఆదుకోవడం. ఆ పని యూపీఎస్‌ది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు తిరుగుతుంది. అంటే ఒక ఆవృత్తం 20 మిల్లీసెకన్లు. మంచి ఎస్‌ఎంపీఎస్ కరెంటు పోయాక దాదాపు 16 మిల్లీసెకన్లు లోపలి నిల్వతో నెట్టుకొస్తుంది. లైన్ ఇంటరాక్టివ్ రకం యూపీఎస్ సాధారణంగా 4 నుంచి 10 మిల్లీసెకన్లలో అందుకుంటుంది. లెక్క సరిపోయింది. నాసిరకం ఎస్‌ఎంపీఎస్‌లో ఆ నిల్వ తక్కువ. అందుకే యూపీఎస్ ఉన్నా కంప్యూటర్ ఆగిపోయిందనే ఫిర్యాదులు వస్తాయి, తప్పు యూపీఎస్ మీదికి పోతుంది. ఇంకొక పొరపాటు సైజులో జరుగుతుంది. 600 వీఏ యూపీఎస్ మోసేది సాధారణంగా 360 వాట్లే. ఆట నడుస్తున్నప్పుడు కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిపి ఆ హద్దును తేలిగ్గా తాకుతాయి. 1000 వీఏకు తగ్గకుండా తీసుకోవాలి. దాని బ్యాటరీ రెండు మూడేళ్లకోసారి మార్చాల్సి ఉంటుందని కూడా ముందే అనుకోవాలి. ఇంటి ఇన్వర్టర్ మీద నడపాలనుకునేవాళ్లు అది సైన్ వేవ్ రకమో కాదో చూసుకోండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌తో ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లు చాలావరకు సఖ్యంగా ఉండవు.

ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్ విషయం. నా దృష్టిలో మొత్తం కొనుగోలులో అతిముఖ్యమైన నిర్ణయం ఇదే. ప్రతి భాగానికీ కరెంటు వెళ్లేది దీన్నుంచే. బయటి చెడు లోపలికి రాకుండా ఆపాల్సిందీ ఇదే. ఓల్టేజి పెరిగితే, షార్టయితే, వేడెక్కితే తనంతట తాను ఆగిపోయే ఏర్పాట్లు మంచివాటిలో ఉంటాయి. డబ్బాతోపాటు ఉచితంగా వచ్చేవాటిలో అవి ఉన్నాయని నమ్మడానికి ఆధారం ఉండదు. చాలామంది 80 ప్లస్ గోల్డ్ అనే ముద్ర చూసి తృప్తిపడతారు. ఆ ముద్ర 2004 నుంచి ఉంది. అది చెప్పేది ఒక్కటే: లోపలికి తీసుకున్న కరెంటులో ఎంత వృథా చెయ్యకుండా బయటికిస్తోంది అని. గోల్డ్ రకం సగం లోడు మీద 90 శాతం పైచిలుకు ఇస్తుంది. మంచిదే. కానీ ఆ పరీక్ష చల్లని గదిలో, సుమారు 23 డిగ్రీల దగ్గర జరుగుతుంది. మే నెలలో మన గదుల్లో ఆ చల్లదనం ఎక్కడిది? పైగా ఆ ముద్ర రక్షణ ఏర్పాట్ల గురించి ఏమీ చెప్పదు. దీనికి ప్రపంచమంతా చూసిన సాక్ష్యం ఉంది. గిగాబైట్ సంస్థ అమ్మిన పీ750జీఎం, పీ850జీఎం అనే రెండు మోడళ్లకు గోల్డ్ ముద్ర ఉంది. పరీక్షల్లో అవి పేలాయి. గేమర్స్ నెక్సస్ అనే సమీక్షకులు దాన్ని బయటపెట్టాక 2021 ఆగస్టులో ఆ సంస్థ కొన్ని సీరియల్ నంబర్ల వాటిని వెనక్కి తీసుకుని మార్చి ఇస్తానని ప్రకటించాల్సి వచ్చింది. పేరున్న కంపెనీ, పెద్ద ముద్ర, అయినా ఇలా జరిగింది. మరి మామూలు కొనుగోలుదారు దేన్ని పట్టుకోవాలి? వారంటీ ఏళ్లను పట్టుకోవాలి. తన వస్తువు ఏడేళ్లు, పదేళ్లు ఉంటుందని కంపెనీ రాసిస్తే, ఆ మాట తప్పితే నష్టం దానికే. ఏడాది, రెండేళ్లు మాత్రమే ఇచ్చేదాని మీద 80 వేల వస్తువును నిలబెట్టకూడదు. అలాగే ఒకే కంపెనీలోని అన్ని మోడళ్లూ ఒకే నాణ్యతలో ఉండవు కాబట్టి, కంపెనీ పేరు కాకుండా మోడల్ పేరుతో విడదీసి పరీక్షించిన సమీక్షలు చదవాలి. మధ్యస్థాయి గేమింగ్‌కు 650 వాట్లు సరిపోతాయి. తర్వాత పెద్ద కార్డు వేస్తామనుకుంటే 750. బడ్జెట్‌లో పదో వంతు దీనికి పెట్టడం అతి అనిపించవచ్చు. పదేళ్లలో రెండు కార్డులు మారినా ఇది మారదు కాబట్టి, ఏడాదికి లెక్కేస్తే అన్నిటికంటే చవక పడేది ఇదే.

వేడి గురించి కూడా లెక్కతోనే మాట్లాడదాం. ఎస్‌ఎంపీఎస్‌లో, మదర్‌బోర్డులో ముందుగా అలిసిపోయేవి ద్రవం నింపిన కెపాసిటర్లు. లోపలి ద్రవం మెల్లగా ఆరిపోతుంది. ఇంజనీర్లు వాడే ఉజ్జాయింపు సూత్రం ఒకటుంది: ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే కెపాసిటర్ ఆయుష్షు రెట్టింపవుతుంది. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు పనిచేస్తుందని రాసిన కెపాసిటర్‌ను 75 డిగ్రీల దగ్గర ఉంచితే 16,000 గంటలు వస్తుంది. 65 దగ్గర ఉంచితే 32,000 గంటలు. రోజుకు నాలుగు గంటల వాడకమనుకుంటే మొదటిది సుమారు 11 ఏళ్లు, రెండోది సుమారు 22. మధ్యలో ఉన్న తేడా 10 డిగ్రీలే. ఆ 10 డిగ్రీలు ఎక్కణ్నుంచి వస్తాయంటే ముందువైపు గాలి ఆడే జల్లెడ రేకున్న డబ్బా నుంచి, రెండు మంచి ఫ్యాన్ల నుంచి, నెలకోసారి దుమ్ము దులపడం నుంచి. కెపాసిటర్ చిన్నదే కదా అని తీసిపారేయకండి. 2000ల మొదట్లో నాసి కెపాసిటర్లు ప్రపంచమంతటా మదర్‌బోర్డులను ఉబ్బించి చంపాయి. చెడిపోయిన బోర్డుల మరమ్మతులకు, మార్పిళ్లకు డెల్ సంస్థ 2005లో 30 కోట్ల డాలర్లు పద్దు వేసుకోవలసి వచ్చింది. ఆ తర్వాతే బోర్డుల మీద ఘన కెపాసిటర్లు మామూలయ్యాయి.

అద్దం ముఖాల డబ్బాలు చూడ్డానికి బాగుంటాయి. కానీ ముందువైపు గాలి రానివ్వని అద్దం మన వేసవికి తగదు. విశాఖ, భీమిలి తీరంలో ఉన్నంత ఉప్పుగాలి కొత్తవలసలో ఉండకపోవచ్చు గానీ చెమ్మ మాత్రం ఉంటుంది. చెమ్మ, దుమ్ము కలిస్తే బోర్డు మీద సన్నటి బురదపూత పడుతుంది. వర్షాకాలంలో వారాల తరబడి కంప్యూటర్‌ను కట్టేసి ఉంచడం కంటే రోజూ కాసేపు నడపడమే మేలు. దాని వేడికి చెమ్మ ఆరుతుంది. డబ్బాను నేలమీద, కిటికీ పక్కన పెట్టకండి. ఉరుములు మొదలవగానే, లేదా విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి ఫోనుకు పిడుగుల హెచ్చరిక రాగానే ప్లగ్గు పీకేయండి. ఇంటర్నెట్ తీగ కూడా పీకేయండి. అది రాగి తీగయితే పిడుగు తాకిడి ఆ దారినా వస్తుంది.

ఇక మదర్‌బోర్డు. దీన్ని ఎంచుకునేటప్పుడు ఈనాటి వేగం కంటే రేపటి దారి చూడాలి. 2017లో కంప్యూటర్ కొన్న ఇద్దర్ని పోల్చి చూద్దాం. ఒకరు జనవరిలో ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్‌కు సరిపోయే బోర్డు కొన్నారు. అదే ఏడాది అక్టోబరులో ఎనిమిదో తరం వచ్చింది. ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో పిన్నుల సంఖ్య అదే 1151. అయినా పాత బోర్డు మీద కొత్త ప్రాసెసర్ పనిచెయ్యదని, కొత్త బోర్డు కొనాల్సిందేనని ఇంటెల్ తేల్చింది. నాలుగు కోర్లకు మించి ఆ బోర్డుకు దారి లేదు. 2021లో విండోస్ 11 వచ్చింది, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా తీసుకుంటానంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. రెండో మనిషి 2017 మార్చిలో వచ్చిన ఏఎండీ రైజెన్ కోసం ఏఎం4 సాకెట్ బోర్డు కొన్నారు. ఆ మొదటి తరం రైజెన్‌ను కూడా విండోస్ 11 తీసుకోదు. కానీ ఆ బోర్డుల్లో చాలావాటికి 2022లో బయోస్ (బోర్డును మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) సవరణ వచ్చి 5000 వరస రైజెన్లు ఎక్కించుకునే వీలు దొరికింది. బోర్డు, ర్యామ్, డబ్బా ఏవీ మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే ఆటలకు వేగం, విండోస్ 11కు అర్హత రెండూ వచ్చాయి. ఇద్దరూ దాదాపు ఒకే ఖర్చు పెట్టారు, తేడా అంతా సాకెట్‌లో ఉంది. ఇప్పుడు కొనేవాళ్లకు అలాంటి దారి ఏఎం5లో కనబడుతోంది. 2022లో వచ్చిన ఆ సాకెట్‌ను 2027 దాకా, ఆపైనా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది.

కంపెనీ మాటను నమ్మి డబ్బు పెట్టడమేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను మాటకంటే జరిగిన చరిత్రను ఎక్కువ నమ్ముతున్నాను, ఏఎం4 చరిత్ర కళ్లముందుంది. అయినా ఏ కంపెనీకీ భక్తులం కానక్కర్లేదు. 2023లో ఏఎండీ వారి 7000 వరసలోని కొన్ని ప్రాసెసర్లు కొన్ని బోర్డుల మీద ఓల్టేజి ఎక్కువై కాలిపోయాయి. అప్పుడు బయోస్ సవరణలతో ఆ ఓల్టేజికి 1.3 ఓల్టుల దగ్గర హద్దు కట్టారు. 2024లో ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు నిలకడ తప్పి చెడిపోతున్నాయని తేలింది. ఆగస్టు నుంచి మైక్రోకోడ్ సవరణలిచ్చి, వారంటీని మరో రెండేళ్లు పెంచారు. ఈ రెండింటి నుంచి నేర్చుకోవలసింది ఏమిటంటే, బయోస్ సవరణ వేసుకోవడం ఇప్పుడు సంరక్షణలో భాగం. అయితే బయోస్ రాస్తుండగా కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. యూపీఎస్ లేకుండా ఆ పని మొదలుపెట్టకండి. ప్రాసెసర్ లేకపోయినా పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ తిరిగి రాసుకునే బటన్ ఉన్న బోర్డు తీసుకోండి. సర్వీస్ సెంటర్ కోసం విశాఖ దాకా వెళ్లాల్సిన వాళ్లకు ఆ బటన్ విలువ ఇంకా ఎక్కువ. అలాగే ప్రాసెసర్‌కు కరెంటిచ్చే భాగం మీద మంచి లోహపు హీట్‌సింక్ ఉండాలి.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. డీడీఆర్4 మీద బాగా నడుస్తున్న కంప్యూటర్ ఉన్నవాళ్లు ఈ ధరలకు కొత్తదానికి మారకపోవడమే తెలివి. కొత్తగా కొనేవాళ్లు ఒకే పెద్ద ర్యామ్ స్టిక్కుకంటే జతగా రెండు తీసుకోవాలి. డీడీఆర్5లో తర్వాత మరో రెండు కలిపితే వేగం తగ్గే అవకాశముంది కాబట్టి, వీలైతే మొదటే 32 జీబీ జత. ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందనే భయం మాత్రం ఇంట్లో వాడేవాళ్లకు అక్కర్లేదు. 1 టీబీ మంచి రకం 600 టెరాబైట్లు రాయడానికి హామీ ఇస్తుంది. రోజుకు 30 జీబీ రాసినా ఏడాదికి 11 టెరాబైట్లే. ఆ లెక్కన 50 ఏళ్లు దాటుతుంది.

ఆఖరున గ్రాఫిక్స్ కార్డు. ఆఖరున అన్నానని తక్కువ చేస్తున్నట్టు కాదు. ఆటలో బొమ్మ గీసేది అదే, మొత్తంలో పెద్ద ఖర్చూ అదే అవుతుంది. "ఇప్పుడే అన్నిటికంటే పెద్దది కొంటే పదేళ్లు చూడక్కర్లేదు" అనే వాదన మీదనే నా అభ్యంతరం. 2018 సెప్టెంబరులో ఆర్‌టీఎక్స్ 2080 టీఐ వచ్చింది, అమెరికా ధర 999 డాలర్ల నుంచి మొదలు. రెండేళ్లకు, 2020 అక్టోబరులో, ఇంచుమించు అదే వేగమున్న ఆర్‌టీఎక్స్ 3070 వచ్చింది 499 డాలర్లకు. శిఖరం మీద పెట్టిన డబ్బు సగం రెండేళ్లలో కరిగింది. అయితే ఈ ఉదాహరణకు రెండో ముఖం కూడా చెప్పాలి. 2080 టీఐలో 11 జీబీ మెమరీ ఉంటే, చవకైన 3070లో 8 జీబీయే ఉంది. 2023లో హాగ్‌వార్ట్స్ లెగసీ, ది లాస్ట్ ఆఫ్ అస్ లాంటి ఆటలు వచ్చినప్పుడు 8 జీబీ కార్డులే ముందు తడబడ్డాయి. కాబట్టి మధ్యస్థాయి కార్డు కొనండి, కానీ మెమరీ దగ్గర పీనాసితనం వద్దు. 2020 నవంబరులో వచ్చిన పీఎస్5 లోపల ఎనిమిది కోర్లు, 16 జీబీ ఉమ్మడి మెమరీ ఉన్నాయి. పెద్ద ఆటలు తయారుచేసేవాళ్లు ఆ పెట్టెలో నడిచేలా రాయాలి కాబట్టి, దానికి సాటిరాగల కంప్యూటర్ ఆ తరం ముగిసేదాకా వెనకబడదు. నా సలహా 12 జీబీకి తగ్గకుండా, వీలైతే 16. ఐదారేళ్ల తర్వాత దాన్ని అమ్మి ఇంకో మధ్యస్థాయి కార్డు కొంటే, రెండింటి ధర కలిపినా ఈనాటి శిఖరం కార్డు ధరకు చాలావరకు లోపలే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ సంగతి అడిగేవాళ్లుంటారు. పైన చెప్పిన ఇంటెల్ 13, 14 తరాల పెద్దవి తప్పిస్తే ప్రాసెసర్ పాతదైనా ఫరవాలేదు, అది సాధారణంగా అరగదు. కార్డయితే నడిపించి, వేడి చూసి, ఫ్యాన్లు విని కొనవచ్చు. 2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్ ఆగిపోయాక పగలూరాత్రీ నడిచిన కార్డులు బజారులోకి చాలా వచ్చాయి, అందుకని జాగ్రత్త అవసరం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్లి కొనేవాళ్లు బిల్లుమీద సీరియల్ నంబరు రాయించుకోవాలి. పాత ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఎంత చవకైనా వద్దు. ఇక ల్యాప్‌టాప్ మేలనే వాదనలో బలం ఉంది, బ్యాటరీ ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా ఆగదు. హాస్టల్‌కు వెళ్లే పిల్లలకు అదే సరి. ఇంట్లో ఉండేదానికి అది సరి కాదు. అందులో గ్రాఫిక్స్ చిప్పు బోర్డుకే అతికించి ఉంటుంది. ఒకటి పోతే రెండూ పోయినట్టే.

"ఆటలకోసం ఇంత ఆలోచనా?" అని పెద్దవాళ్లు అనడం సహజం. ఆటలు ఆడగల కంప్యూటర్ మీదే త్రీడీ బొమ్మలు, వీడియో ఎడిటింగ్, ఇంజనీరింగ్ డిజైన్, కృత్రిమ మేధ పాఠాలు అన్నీ నడుస్తాయి. ఆ పనులు నేర్చుకోవడానికి కొత్తవలస పిల్లలకు పట్నంలో ల్యాబ్ దొరికేదాకా ఆగాల్సిన అవసరం ఉండదు. ఇంకో సంగతి. 2022లో ప్రపంచం 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోసింది. అందులో సక్రమంగా సేకరించి శుద్ధి చేసినట్టు లెక్క తేలింది నాలుగో వంతు కూడా లేదు. పదేళ్లు నడిచే కంప్యూటర్ ఆ గుట్టలోకి చేరకుండా అన్నేళ్లు ఆగుతుంది.

దుకాణదారులకు ఒక విన్నపం. కొటేషన్‌లో "450 వాట్స్ ఎస్‌ఎంపీఎస్" అని ఊరికే రాసి వదలకండి. కంపెనీ, మోడల్, వారంటీ ఏళ్లు రాయండి. కొనేవాళ్లూ అవి లేని కొటేషన్ మీద అడ్వాన్సు ఇవ్వకండి. బిల్లులన్నీ ఫోటో తీసి దాచుకోండి. వారంటీ ఉండగా బాగుచెయ్యమంటే తిప్పిస్తుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నెలలో కంప్యూటర్ కొనాలనుకుంటున్నవాళ్లు ఆర్డరు పెట్టేముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఎర్తింగ్ చూపించుకోండి.